కీళ్లవాతం ఉన్నోళ్లు యూరిన్ టెస్ట్ ఎందుకు చేయించుకోవాలంటే

మా పెద్దమ్మకు పదిహేనేండ్లుగా కీళ్లవాతం, అదే రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒకప్పుడు అలిపిరి నుంచి 3550 మెట్లూ నడిచి కొండెక్కిన మనిషి, ఇప్పుడు తెల్లారి లేస్తే గంట దాకా పిడికిలి మూసుకోదు. నొప్పొస్తే వీధి చివర మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర తెప్పించుకోని వేసుకునేది, అంతే వైద్యం. పోయినేడు పాదాలు ఉబ్బినాయి, కళ్ల కింద కూడా. వాతమేలే అనుకున్నాం అందరం. యూరిన్‌లో ప్రోటీన్ 3+ (అంటే బాగా ఎక్కువ) అని రిపోర్ట్ వచ్చినాక గానీ తెలీలేదు అది కిడ్నీ అని.

కీళ్లకీ కిడ్నీకీ ఏం సంబంధం అంటే, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి మంట, వాపు) ఏండ్ల తరబడి రగులుతా ఉంటే లివర్ ఎస్ఏఏ (సీరమ్ అమిలాయిడ్ ఏ) అనే ప్రోటీన్‌ని తెగ తయారుచేస్తాది, మామూలుకన్నా వెయ్యి రెట్ల దాకా కూడా పెరగొచ్చు, అదంతా కరిగించుకోవడం ఒంటికి చేతగాక కొంత ముక్కలై పోగులుగా అల్లుకోని కిడ్నీల జల్లెడలో పేరుకుంటాది. ఏఏ అమిలాయిడోసిస్ అంటారు దీన్ని. అమిలాయిడ్ అంటే గంజిపిండి లాంటిది అని, 1854లో విర్కో అనే జర్మన్ డాక్టర్ అయోడిన్‌తో రంగు మారడం చూసి పిండేమో అనుకోని పెట్టినాడు ఆ పేరు, ప్రోటీన్ అని తర్వాత తేలినా పేరు మాత్రం అట్లే ఉండిపోయింది. ఒంట్లోంచి తీసిన బయాప్సీ ముక్కకు కాంగో రెడ్ రంగు పట్టించి పోలరైజ్డ్ వెలుగులో చూస్తే ఆపిల్ పచ్చగా మెరుస్తాది, పెద్దమ్మకూ అట్లే కనిపించింది. కీళ్లవాతం ఒకటే కాదు, మన దేశంలో టీబీ వల్ల కూడా ఇది బాగా వస్తాది.

ఇంక ఆ నొప్పి మాత్రల సంగతి. అవి ప్రోస్టాగ్లాండిన్లు అనే ఒంట్లోని రసాయనాలను ఆపి నొప్పి తగ్గిస్తాయి, కానీ కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి పెట్టేది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. ఎండాకాలం తిరుపతిలో నీళ్లు సరిగ్గా తాగకుండా, బీపీ మాత్రలు కూడా వేసుకుంటా, రోజూ డైక్లోఫెనాక్ అంటే కిడ్నీకి రక్తం అందేదెట్ల? పైగా నొప్పి తగ్గిందే గానీ లోపలి ఇన్‌ఫ్లమేషన్ ఏమీ చల్లారలా, లివర్ దాని పని అది చేస్తానే ఉండాది. నాకు అన్నిటికన్నా బాధ అనిపించేది ఇదే.

రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) నార్మల్ ఉంది కదా అని ధైర్యపడొద్దు, కిడ్నీ పని సగం దాకా పడిపోయినా అది పెద్దగా పెరగకపోవచ్చు. యూరిన్ అల్బుమిన్ క్రియాటినిన్ రేషియో (మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతా ఉందో చూసే టెస్ట్) అడగండి, దాంట్లో ముందే తెలుస్తాది. మూత్రంలో నురగ పోకుండా నిలబడినా చూపించుకోండి, తిరుపతిలో స్విమ్స్‌లో నెఫ్రాలజీ, అంటే కిడ్నీ విభాగం, ఉండనే ఉండాది. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వాడేవాళ్లయితే కిడ్నీ తగ్గితే ఆ మందు ఒంట్లోనే నిలిచిపోతాది, డోసు డాక్టరే మార్చాల, మీ అంతట మీరు ఆపేయొద్దు.

పెద్దమ్మకు డైక్లోఫెనాక్ మాన్పించి, ఇన్‌ఫ్లమేషన్ తగ్గే మందులు మొదలుపెట్టినారు. పోయిన నెల ప్రోటీన్ 1+కి వచ్చింది, పాదాల వాపు దిగింది, పాత చెప్పులు మళ్లీ పడతా ఉండాయి.