పాములన్నీ గుడ్లే పెడతాయా? పాములు పట్టేవాడి మాట

మిర్యాలగూడ వైపు వానాకాలం నాట్లు మొదలయ్యాయంటే నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. వాటితోపాటే పాత కథలూ వస్తాయి.

అపోహ: పాములన్నీ గుడ్లు పెడతాయి. గుడ్లు కనబడలేదంటే పిల్లలు లేనట్టే.

వాస్తవం: నాగుపాము, కట్లపాము, జెర్రిపోతు గుడ్లు పెట్టేవే. రక్తపింజర మాత్రం పిల్లల్నే కంటుంది. గుడ్లు కడుపులోనే ఉండి, పిల్లలు అక్కడే ఎదుగుతాయి. ఒక్కో పిల్ల పల్చటి తడి పొరలో చుట్టుకుని బయటపడి, ఆ పొర చింపుకుని పాకుతుంది. జానెడే ఉంటుంది, కానీ వీపు మీద గొలుసు మచ్చలు అచ్చం తల్లివే. ఒక్క కాన్పులో 20 నుంచి 40 దాకా పుట్టొచ్చు. పుట్టుకతోనే కోరలు, విషం రెండూ ఉంటాయి. చిన్నదే కదా అని పుల్లతో ఆడించేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. బత్తాయి తోటలో ఒక్క పిల్ల కనబడినా పాదుల్లో ఆకుచెత్త చేత్తో ఎత్తకండి, మిగతావీ దగ్గర్లో ఉండొచ్చు. కాటు పడితే కోయడం, కట్టడం వద్దు. నేరుగా సర్కారు దవాఖానకు పోండి.

అపోహ: పింజర పిల్లలు తల్లి కడుపు చీల్చుకుని పుడతాయి.

వాస్తవం: ఉత్తమాట. కన్నాక తల్లి తన దారిన పోతుంది. తేలు మీదా ఇదే నింద. అదీ పిల్లల్నే కంటుంది, అవి మొదటి కుబుసం విడిచేదాకా తల్లి వీపెక్కి ఉంటాయి. అది చూసే ఎవరో తల్లిని తింటున్నాయనుకుని ఉంటారు.

అపోహ: జెర్రిపోతు నాగుపాముతో జతకడుతుంది.

వాస్తవం: రెండూ వేర్వేరు కుటుంబాలవి. పెనవేసుకుని పైకి లేచేవి చాలాసార్లు రెండు మగ జెర్రిపోతులు, అది కుస్తీ. దానికి విషం లేదు, పైగా మీ వరిలో ఎలుకల్ని తింటుంది. చంపకండయ్యా!

అపోహ: రెండు తలల పాముకు లక్షలొస్తాయి.

వాస్తవం: రెండోది తల కాదు, మొద్దు తోక. ఇదీ పిల్లల్ని కనేదే. పట్టి అమ్మితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు.

అపోహ: ఫొటో వెనక తెల్లటి గుండ్రటి గుడ్లు పామువి.

వాస్తవం: బఠాణీ గింజంత ఉండి పెంకు గట్టిగా ఉంటే బల్లివి. పాము గుడ్డు కోలగా, తోలులా మెత్తగా ఉంటుంది. గడ్డివాము కిందో పుట్టలోనో అలాంటివి కనబడితే వెనక్కి జరగండి. నాగుపామైతే గుడ్ల దగ్గరే కాపలా ఉంటుంది.