పెద్దాపురం సీటు: ఐదో క్లాసు పిల్లల మీదకి ఈ పరీక్ష ఎలా వచ్చిందంటే

2025 సంక్రాంతి. కనుమ నాడు మా కోనసీమలో ఊరంతా జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోతుంటే మా మేనల్లుడు మాత్రం అరుగు మీద కూర్చుని కాయితం నాలుగు మడతలేసి, పెన్సిల్ ములుకుతో బెజ్జం పొడిచి, విప్పితే బెజ్జాలు ఎక్కడెక్కడ పడ్డాయో లెక్కెట్టుకుంటున్నాడు. ప్రభలు చూసొద్దాం రారా అంటే "అమ్మ తిడుద్ది మావయ్యా, మూడ్రోజుల్లో పరీక్ష" అన్నాడు. 18న నవోదయ పరీక్ష, అంటే సెంట్రల్ గవర్నమెంటు నడిపే హాస్టలు బడిలో ఆరో క్లాసు సీటుకి రాసేది, మా వైపుకి ఆ బడి పెద్దాపురంలో ఉంది. పదేళ్ళోడు. మా చిన్నప్పుడు ఈ టైముకి మేం చెరుకు ముక్క నోట్లో పెట్టుకుని తీర్థంలో తప్పిపోయి ఉండేవాళ్ళం.

అసలిది ఎక్కడ మొదలైందా అని వెనక్కి వెళ్తే మన వైపు జనానికి మొదట తెలిసింది కోరుకొండ సైనిక్ స్కూలు. 1962 జనవరిలో విజయనగరం రాజుల కోటలో పెట్టారు. కానీ అది మిలిటరీ ఆఫీసర్లని తయారు చేసే బడి, ఫీజు కట్టాలి, మామూలు రైతు కూలి ఇంట్లో దాని ఊసే ఉండేది కాదు. పేదోళ్ళ పిల్లలకి హాస్టలు, అన్నం, చదువు అన్నీ ఉచితంగా ఇచ్చి, దానికి పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకోవడం అనేది 1971 నవంబర్లో నల్గొండ జిల్లా సర్వేల్ అనే ఊళ్ళో గురుకులం పెట్టడంతో మొదలైంది. అప్పుడు సీఎం పీవీ నరసింహారావు గారు, అంతకుముందు ఎడ్యుకేషన్ మినిస్టర్ కూడా ఆయనే. మరుసటేడు కోస్తాకి తాడికొండ, రాయలసీమకి కొడిగెనహళ్ళి వచ్చాయి. తర్వాత చాలా ఏళ్ళు పదో క్లాసు స్టేట్ ర్యాంకులు అనగానే పేపర్లో ఈ మూడు ఊళ్ళ పేర్లే. మా ఊళ్ళో పెద్దోళ్ళు ఇప్పటికీ బాగా చదివే పిల్లోణ్ణి చూస్తే "తాడికొండ సరుకురా వీడు" అంటారు, వాళ్ళలో తాడికొండ చూసినోడు ఒక్కడూ లేడు, అది వేరే సంగతి.

ఇక్కడ చాలామందికి తట్టని ముక్క ఒకటుంది. అదే పీవీ గారు 1985 సెప్టెంబర్లో ఢిల్లీలో మానవ వనరుల శాఖ మంత్రి అయ్యారు, ప్రధాని రాజీవ్ గాంధీ. ఆ ఏడే హర్యానాలో ఝజ్జర్, మహారాష్ట్రలో అమరావతి, రెండు చోట్ల నవోదయలు మొదలెట్టి, 1986 జాతీయ విద్యా విధానం కింద జిల్లాకొకటి పెట్టాలనుకున్నారు. అంటే సర్వేల్లో ఒక రాష్ట్రం వరకు చేసిన పనినే దేశమంతా చేశారనమాట. పల్లెటూరి పిల్లోడు డబ్బుల్లేక ఆగిపోకూడదు, వాణ్ణి పరీక్ష పెట్టి వెతికి పట్టుకోవాలి, అదీ ఆలోచన. వెతకడం అన్న మాట గుర్తుంచుకోండి, ముందుకెళ్తే పనికొస్తుంది.

మనకి తూర్పుగోదావరికి పెద్దాపురం, పశ్చిమకి పెదవేగి ఇచ్చారు. గమనించారో లేదో, రెండూ మెట్టలోనే. డెల్టాలో కాలవ నీళ్ళు, వరి చేలు, కొబ్బరి తోటలు, ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని రెండు పంటలు, అన్నీ ఉన్నాయి గానీ నవోదయ మాత్రం లేదు. కోనసీమ నుంచి పిల్లోణ్ణి చూడ్డానికి వెళ్ళాలంటే ముక్తేశ్వరం రేవులో పంటు పడవెక్కి కోటిపల్లిలో దిగి, రామచంద్రాపురం మీదుగా బస్సులు మారుకుంటూ, ఒళ్ళో సున్నుండల డబ్బా పెట్టుకుని పోయేవాళ్ళు మా పెద్దమ్మా వాళ్ళు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక పెద్దాపురం కాకినాడ జిల్లాలోకి, పెదవేగి ఏలూరు జిల్లాలోకి పోయాయి. జనం నోట్లో మాత్రం ఇంకా "పెద్దాపురం సీటు", "పెదవేగి సీటు" అనే.

సీట్లు చూస్తే ఆరో క్లాసుకి 80. పాత తూర్పుగోదావరి జనాభా 2011 లెక్కల్లో 51 లక్షల పైమాటే. అందులో 75 శాతం సీట్లు పల్లెటూరి పిల్లలకి, మూడో వంతు ఆడపిల్లలకి. జీవితంలో ఒక్కసారే రాయాలి, పోతే పోయినట్టే. ఈ "ఒక్కసారే" అన్నదే ఇళ్ళల్లో చలి జ్వరం తెప్పిస్తుంది.

పేపరు సంగతి ఇంకా తమాషా. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. లెక్కలు 20, భాష 20, మిగతా 40 మెంటల్ ఎబిలిటీ, అంటే సగం మార్కులు బొమ్మలకే. వేరుగా ఉన్న బొమ్మ పట్టుకో, అద్దంలో ఎలా కనపడుద్ది, పెద్ద బొమ్మలో చిన్న బొమ్మ ఎక్కడ దాక్కుంది, మడత కాయితంలో బెజ్జం... మావాడు అరుగు మీద చేస్తున్నది ఇదే. పేపరు తెలుగులో రాసుకోవచ్చు, నెగటివ్ మార్కుల్లేవు. బొమ్మలకి అంత బరువు ఎందుకంటే ఇంగ్లీషు రాకపోయినా, ఇంట్లో చదువుకున్నోళ్ళు లేకపోయినా, మంచి బడి లేకపోయినా బుర్రున్న పిల్లోడు దొరికిపోవాలని, కోచింగుతో పనిలేని పరీక్ష కావాలని. సరిగ్గా ఆ 40 ప్రశ్నలకే ఇప్పుడు కోచింగులు నడుస్తున్నాయి! బొమ్మ ప్రశ్న మొదటిసారి చూసినోడికి బుర్రకి పరీక్ష, అయిదొందలు చేసినోడికి అలవాటు. ఇద్దరూ ఒకే హాల్లో కూర్చుంటారు.

ముందు ఇంత లేదండి. నేను ఐదు చదివేటప్పుడు మా మాస్టారు సాయంత్రం బడయ్యాక ఓ నలుగుర్ని కూర్చోబెట్టుకుని, ఎవరిదో పాత గైడు తెచ్చి, బొమ్మలు బోర్డు మీద సుద్దముక్కతో గీసి చెప్పేవారు. పైసా తీసుకోలా. నాకు సీటు రాలేదు, అది ఆయన తప్పు కాదు. తర్వాత ఊళ్ళల్లో ఇంగ్లీషు మీడియం కాన్వెంట్లొచ్చాయి, ఆ తర్వాత నవోదయ-సైనిక్ అని బోర్డు పెట్టి రెసిడెన్షియల్ కోచింగులొచ్చాయి. హాస్టలు సీటు తెచ్చుకోడానికి ముందు ఇంకో హాస్టల్లో ఏడాది ఉండాలనమాట. మా బావ ఒకదానికి వెళ్ళి ఫీజు అడిగొచ్చి రెండ్రోజులు మాట్లాడలేదు.

ఇదంతా తల్లిదండ్రుల ర్యాంకుల పిచ్చి అని తేల్చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది. రాజోలు, నర్సాపురం, పాలకొల్లు వైపు ఏ వీధిలోనైనా చూడండి, తల్లి కువైట్లోనో మస్కట్లోనో ఇంటి పనికి పోయి, పిల్లలు అమ్మమ్మ దగ్గరుంటారు. మా వీధిలోనే మూడిళ్ళు. ఆ అమ్మమ్మకి పెద్దాపురం సీటంటే ఐఐటీ కాదు, పిల్లోడికి పన్నెండో క్లాసు దాకా మూడు పూటలా తిండి, చూసుకునే మనిషి, తనకి కంటి నిండా నిద్ర. గోదారి మధ్య లంక ఊళ్ళల్లో ఇంకో బాధ. గోదారి పొంగేది జులై, ఆగస్టుల్లో, నవోదయ అప్లికేషన్లు పెట్టేదీ కొన్నేళ్ళు ఆ రోజుల్లోనే. బడి నీళ్ళల్లో, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సిన హెడ్మాస్టారు అవతలి ఒడ్డున, నెట్ సెంటరు అంతకంటే దూరం. కౌలుకి చేసేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, 2011లో ఇదే కోనసీమలో గిట్టుబాటు కావట్లేదని సార్వాకి (ఖరీఫ్‌కి) నాట్లు వెయ్యకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు. చేను కొడుక్కి ఇచ్చే రోజులు పోయాయని అప్పుడే చాలామందికి అర్థమైపోయింది.

సైనిక్ వైపు చూద్దామా అంటే ఆ పరీక్ష ఇప్పుడు ఎన్‌టీఏ (కేంద్రం పరీక్షల సంస్థ) పెడుతుంది, ఆరో క్లాసుకి 300 మార్కులు, అందులో సగం లెక్కలే, 2021 నుంచి ఆడపిల్లల్ని కూడా తీసుకుంటున్నారు గానీ ఫీజు ఏడాదికి లక్ష దాటుద్ది. రాష్ట్రం గురుకులాలకి ఐదో క్లాసులో చేరడానికి వేరే పరీక్ష, అది 50 మార్కులు, కింది క్లాసుల పాఠాల మీద. కాస్త తెలివైన పిల్లోడుంటే మూడూ రాయించేస్తున్నారు.

ఇంకో మెలిక పల్లెటూరి కోటా. మూడు, నాలుగు, ఐదు క్లాసులు పల్లెటూరి బడిలోనే చదివుండాలి, ఒక్కరోజు మున్సిపాలిటీ బడిలో ఉన్నా కోటా పోయినట్టే. టౌను వాళ్ళు వచ్చి సీట్లు ఎగరేసుకుపోకూడదని పెట్టిన రూలు, మంచిదే. దాంతో ఏమైందంటే లెక్కలు ఐదో క్లాసులో కాదు, రెండో క్లాసు అయిపోగానే మొదలవుతున్నాయి.

మా మేనల్లుడికి సీటు రాలేదు. ఇప్పుడు వాడి చెల్లెలు రెండో క్లాసు, ఆటోలో అమలాపురం కాన్వెంటుకి పోతుంది. జూన్లో దాన్ని ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలుకి మార్చేద్దామని మా అక్క, అంత ఇంగ్లీషు నేర్పించి ఇప్పుడు మార్చడమేంటని బావ. పంచాయితీ ఇంకా నడుస్తుంది. అన్నగారి బొమ్మల గైడు మాత్రం అప్పుడే అట్టేసి అటక మీద నుంచి దించారు.