జేమ్స్ నది అడుగున కెపోన్

నది సముద్రంలో కలిసే చోటును మన తీరంలో మొగ అంటారు. అక్కడి నీళ్లు తరచూ బురదగానే ఉంటాయి. నది మోసుకొచ్చే బంకమట్టి రేణువులకు రుణావేశం ఉంటుంది. అందుకే మంచినీళ్లలో అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలి వస్తాయి. ఉప్పునీళ్లు తగలగానే ఆ నెట్టుడు తగ్గిపోతుంది. రేణువులు ముద్దకట్టి అడుగుకు దిగుతాయి. పోటూ పాటూ వాటిని కాసేపు లేపి, కాసేపు దించి, అక్కడక్కడే తిప్పుతుంటాయి. ఎగువ నుంచి వచ్చిన విషం మట్టికి అంటుకునే రకమైతే, అందులో చాలా భాగం సముద్రం దాకా పోదు. మొగలోనే తిష్ట వేస్తుంది.

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని జేమ్స్ నదికి జరిగింది ఇదే. నది ఒడ్డున హోప్‌వెల్ అనే ఊళ్లో కెపోన్ అనే పురుగుమందు తయారయ్యేది. బొద్దింకలకు, చీమలకు, అరటి తోటల్లో ముక్కుపురుగుకు వాడేవారు. 10 కార్బన్, 10 క్లోరిన్ పరమాణువులు పంజరంలా బిగుసుకున్న పదార్థం అది. సూక్ష్మజీవులు దాన్ని అంత తేలిగ్గా విరగ్గొట్టలేవు. అలైడ్ కెమికల్ కంపెనీ కోసం 1974లో అక్కడ ఓ చిన్న ఫ్యాక్టరీ ఈ పని మొదలుపెట్టింది. దాని వ్యర్థాలు చేరిన ఊరి మురుగుశుద్ధి కేంద్రంలో, మురుగును అరిగించే బ్యాక్టీరియా దెబ్బతింది. అంతకు మించిన హెచ్చరిక ఏం కావాలి? అయినా ఫ్యాక్టరీ నడిచింది. కార్మికులకు ఒళ్లు వణకడం మొదలైంది, కళ్లు అదుపు తప్పాయి. ఒక డాక్టర్ వాళ్లలో ఒకరి రక్తాన్ని అట్లాంటాలోని ప్రభుత్వ ల్యాబ్‌కు పంపితే అసలు విషయం బయటపడింది. 1975 జులైలో ఫ్యాక్టరీ మూతపడింది. డిసెంబరులో గవర్నర్ మిల్స్ గాడ్విన్, ఎగువనున్న రిచ్‌మండ్ నగరం నుంచి, నది కలిసే చెసపీక్ బే అనే అఖాతం దాకా చేపల వేటను నిషేధించారు. ఏ తప్పూ చేయని జాలర్ల బతుకుతెరువు ఒక్క ఉత్తర్వుతో పోయింది. 1976లో కోర్టు అలైడ్ కెమికల్‌కు 1.32 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

జరిమానా కడితే నది బాగుపడదు కదా. నీళ్లలో కెపోన్ చాలా తక్కువ. ఉన్నదంతా బురదలోనే. పురుగులు ఆ బురదలోనే తింటాయి, వాటిని పీతలూ చేపలూ తింటాయి. అందుకే నీటి శాంపిల్ ఒక్కటే చూసి మొగ శుభ్రంగా ఉందనుకోవడం పెద్ద పొరపాటని నా గట్టి నమ్మకం. అడుగు మట్టిని కూడా పరీక్షించాలి.

పూడిక తీసేద్దామంటే లెక్క వందల కోట్ల డాలర్లకు చేరింది. పైగా కదిపితే అణిగి ఉన్న విషం మళ్లీ పైకి లేస్తుంది. చివరికి దాన్ని అలాగే వదిలేశారు. నది ఏటా తెచ్చే కొత్త ఒండ్రు పాత పొరను కప్పుతూ పోయింది. చేపల్లో కెపోన్ మెల్లగా తగ్గింది. వేట మీద ఆంక్షలు పూర్తిగా తొలగడానికి 1988 దాకా పట్టింది. దీన్ని శుభ్రం చేయడం అనడానికి నాకు మనసొప్పదు. విషం ఎక్కడికీ పోలేదు, మట్టి కిందకు చేరిందంతే. ఏడాదిన్నర కూడా నడవని ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక దశాబ్దాలకు కూడా, జేమ్స్ నది చేపల్లో కెపోన్ ఆనవాళ్లు కొద్దికొద్దిగా కనిపిస్తూనే వచ్చాయి.