సూదిలో ఏముందో సర్టిఫికెట్ చెబుతుంది

2025 జులైలో హాసన్ జిల్లా గుండెపోటు మరణాల వార్తలతో బెంగళూరు టీవీలన్నీ మోగిపోతున్నాయి. జయదేవ ఆస్పత్రి దగ్గర గుండె పరీక్షల కోసం జనం పొద్దున్నే బారులు తీరుతున్నారు. మారతహళ్లి వైపు మా అపార్ట్‌మెంట్లో ఉండే మదనపల్లె ఆయన వాకింగ్ మధ్యలో ఆపేసి నా పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. "అంతా ఆ ఎంఆర్ఎన్ఏ కరోనా సూది వల్లేనంట అన్నా. మనం రెండు డోసులు వేయించుకున్నాం కదా, టెన్షన్‌గా ఉంది."

"మీరు వేయించుకున్నది ఏది?" అన్నాను.

ఫోన్లో పాత ఫోటోలన్నీ తోడి కోవిన్ సర్టిఫికెట్ బయటికి తీశాడు. వ్యాక్సిన్ పేరున్న చోట కోవిషీల్డ్ అని ఉంది. అది ఎంఆర్ఎన్ఏ టీకా కాదు.

మన దేశంలో దాదాపు అందరూ వేయించుకున్నవి కోవిషీల్డ్, కోవాగ్జిన్. అమెరికా ఎంఆర్ఎన్ఏ టీకా మోడెర్నాకు 2021 జూన్‌లో అనుమతి దొరికింది గానీ, మన టీకా కేంద్రాల దాకా అది రాలేదు. పుణెలోని జెన్నోవా చేసిన మన సొంత ఎంఆర్ఎన్ఏ టీకాకు 2022 జూన్‌లో అనుమతి వచ్చింది. అప్పటికి టీకా క్యూలు ఖాళీ అయిపోయాయి. అంటే మనం వేసుకోని మందుకు మనం భయపడుతున్నాం. అమెరికా నుంచి చుట్టాలు పంపిన వీడియోలతో పాటు భయం కూడా దిగుమతి అయింది.

అలాగని ఎంఆర్ఎన్ఏ టీకాల మీద వచ్చిన ప్రశ్నలన్నీ వట్టివని కాదు. అసలు అది ఏం చేస్తుందో ముందు చూద్దాం. రిజిస్ట్రార్ ఆఫీసులో మన ఇంటి దస్తావేజు ఉంటుంది. దాన్ని బయటికి ఇవ్వరు, కావాలంటే నకలు తీసి ఇస్తారు. కణంలో డీఎన్ఏ ఆ దస్తావేజు లాంటిది, కేంద్రకం దాటి రాదు. ఎంఆర్ఎన్ఏ నకలు. కణం ఆ నకలు చదివి ప్రోటీన్ తయారు చేస్తుంది. ఈ టీకా కూడా ఒక నకలు కాగితమే. కరోనా వైరస్ ఒంటి మీది స్పైక్ అనే ముల్లును ఎలా చేయాలో అందులో రాసి ఉంటుంది. కణం ఆ ముల్లు చేసి చూపిస్తుంది, మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తు పెట్టుకుంటుంది. నకలు మీద ఏం రాసినా రికార్డులోని దస్తావేజు మారదు. ఆ కాగితం కూడా కొద్ది రోజుల్లోనే ముక్కలైపోతుంది. లింఫ్ గ్రంథుల్లో మాత్రం కొన్ని వారాలు కనిపించిన సందర్భాలున్నాయి.

తమాషా ఏమిటంటే, కోవిషీల్డ్‌లో ఉన్నది డీఎన్ఏ. చింపాంజీ అడినోవైరస్‌ను ఎదగకుండా చేసి, దాని మీద ఎక్కించి పంపుతారు. అది నిజంగానే కేంద్రకంలోకి వెళ్తుంది, కానీ మన జన్యువుల్లో కలిసిపోయేలా తయారు చేసింది కాదు. "మా డీఎన్ఏ మారిపోతుందా?" అన్న ప్రశ్న ఎంఆర్ఎన్ఏని అడిగినంతగా దీన్ని ఎవరూ అడగలేదు. ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం గడ్డకట్టే అరుదైన జబ్బుకూ ఈ రకం టీకాలతోనే సంబంధం తేలింది, ఎంఆర్ఎన్ఏతో కాదు.

ఎంఆర్ఎన్ఏ మహా సుకుమారం. మన వేళ్ల మీద ఉండే ఎంజైములే దాన్ని నాశనం చేయగలవు. ల్యాబ్‌లో గ్లవుజులు వేసుకునేది సగం దాన్ని మన నుంచి కాపాడటానికే. అందుకే దాన్ని కొవ్వు బుడగల్లో చుట్టి, ఫైజర్ కంపెనీ ఎంఆర్ఎన్ఏ టీకాను మైనస్ 70 డిగ్రీల దగ్గర దాచాల్సి వచ్చింది. మామూలు ఎంఆర్ఎన్ఏ ఎక్కిస్తే ఒళ్లు దాన్ని శత్రువుగా చూసి వాపు తెచ్చుకునేది. అందులోని ఒక అక్షరాన్ని కొద్దిగా మారిస్తే ఆ గొడవ తగ్గుతుందని కటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ అనే శాస్త్రవేత్తలు 2005లో చూపించారు. 2023లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

ఫైజర్ టీకా 95 శాతం పనిచేస్తుందన్న అంకెను చాలామంది నూటికి ఐదుగురికి జబ్బు వస్తుందని చదువుకున్నారు. ఫైజర్ పరీక్షలో రెండు గుంపుల్లోనూ దాదాపు సమానంగా మనుషులున్నారు. మందు లేని ఉత్త సూది పడినవాళ్లలో 162 మందికి కోవిడ్ వచ్చింది, టీకా పడినవాళ్లలో 8 మందికి. ఆ తేడాయే 95 శాతం. అయితే అది మొదటి రెండు మూడు నెలల లెక్క, ఒమిక్రాన్ రాక ముందు మాట. తర్వాత జలుబులాంటి కోవిడ్‌ను ఆపడంలో టీకా బలం త్వరగానే తగ్గింది. ఆస్పత్రి దాకా పోనివ్వకుండా ఆపడంలో మాత్రం చాలాకాలం నిలబడింది. "టీకా వేసుకున్నా వచ్చింది కదా" అనేవాళ్లు ఈ రెంటినీ ఒకటే చేసి మాట్లాడతారు.

ఇక గుండె. ఎంఆర్ఎన్ఏ టీకాలతో గుండె కండరం వాచడం నిజంగానే జరిగింది. ముఖ్యంగా కుర్రాళ్లలో, రెండో డోసు పడిన వారం లోపల, ఛాతీ నొప్పితో. అమెరికాలో 16, 17 ఏళ్ల మగపిల్లల్లో ఫైజర్ రెండో డోసు తర్వాత పది లక్షల డోసులకు 106 దాకా కేసులు నమోదయ్యాయి. ఎక్కువమంది కోలుకున్నారు. మోడెర్నా డోసు 100 మైక్రోగ్రాములు, ఫైజర్‌ది 30. మోడెర్నాతో కుర్రాళ్లలో ఈ ముప్పు ఎక్కువగా కనబడటంతో 2021 అక్టోబరులో స్వీడన్ 30 ఏళ్ల లోపువాళ్లకు దాన్ని ఆపేసింది. మొత్తం జనాన్ని తీసుకుంటే కోవిడ్ జబ్బే గుండెకు ఎక్కువ కీడు చేసింది. ఇరవయ్యేళ్ల కుర్రాడి విషయంలో మాత్రం ఆ లెక్క అంత తేలిక కాదు. డెబ్బయ్యేళ్ల ముసలాయనకు, పదిహేడేళ్ల పిల్లవాడికి ఒకే సలహా చెప్పడం నాకు సరిగా అనిపించదు.

మరి మన దగ్గర ఉన్నట్టుండి పోయినవాళ్ల మాటేమిటి? 18–45 ఏళ్ల వయసులో అలా హఠాత్తుగా చనిపోయిన 729 మందిని, బతికున్న 2,916 మందితో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పోల్చి చూసింది. టీకా వల్ల ముప్పు పెరగలేదు, రెండు డోసులు పడినవాళ్లలో తక్కువే కనబడింది. ముప్పు పెంచినవి వేరే: కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరడం, ఇంట్లో అలాంటి చావు అంతకుముందు ఉండటం, చనిపోయే ముందు రెండు రోజుల్లో బాగా తాగడం, ఒంటికి మించి కసరత్తు చేయడం.

ఇదంతా విని మా మదనపల్లె ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మళ్లీ ఫోన్ తీసి ఇంకో సర్టిఫికెట్ చూపించాడు.

"మా ఆవిడది కోవాగ్జిన్ అన్నా. అది ఏ రకం?"

"హైదరాబాద్‌లో చేసింది. చంపేసిన వైరస్ అది."

"చచ్చిందే కదా," అంటూ లేచి, మిగిలిన రెండు రౌండ్లు పూర్తి చేయడానికి వెళ్లాడు.