2048 బిట్ల సంఖ్యను విడగొట్టారట... ఏ సంఖ్యను?

క్వాంటం యంత్రంతో 2048 బిట్ల (617 అంకెల) ఆర్‌ఎస్‌ఏ సంఖ్యను విడగొట్టేశారన్న వార్త మళ్లీ చక్కర్లు కొడుతోంది. ఆర్‌ఎస్‌ఏ అంటే బ్యాంకు లావాదేవీల వంటి వాటిని కాపాడే గుప్తలేఖన పద్ధతి; రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని మళ్లీ ఆ రెండుగా విడగొట్టడం కష్టం కావడమే దాని బలం. షాంఘై విశ్వవిద్యాలయ పరిశోధకులు డి-వేవ్ కంపెనీ క్వాంటం యంత్రంపై చేసిన పని దీనికి ఆధారం. అమరావతికి 156 క్యూబిట్ల (క్వాంటం యంత్రంలో బిట్ల వంటివి) ఐబీఎం యంత్రం వస్తోందని విన్నవాళ్లకు ఈ వార్త చూడగానే బ్యాంకు ఖాతా గుర్తొస్తుంది. ఆర్‌ఎస్‌ఏ ఎలా పుట్టిందో చాలామంది రాశారు. నా దృష్టిలో ఈ వార్తను అర్థం చేసుకోవడానికి తాళంచెవి 1643 ప్రాంతంలో రాసిన ఒక లేఖలో ఉంది.

ఫ్రాన్స్‌లోని తులూజ్ న్యాయస్థానంలో పనిచేసే పియర్ ద ఫెర్మా ఆ లేఖలో కారణాంకాలుగా విడగొట్టడానికి 2,02,76,51,281ని తీసుకున్నాడు. 3, 5, 7 అంటూ ప్రధాన సంఖ్యలతో వరసగా భాగించుకుంటూ పోతే నాలుగు వేలకు పైగా భాగహారాలు చేయాలి. ఫెర్మా వర్గమూలం దగ్గర మొదలుపెట్టాడు. అది 45,029 కన్నా కాస్త ఎక్కువ. 45,030 వర్గంలోంచి ఆ సంఖ్యను తీసేస్తే మిగిలింది పరిపూర్ణ వర్గం కాదు. 45,031తో చూశాడు, కాదు. అలా పన్నెండో మెట్టులో 45,041 దగ్గర 10,40,400 మిగిలింది. అది 1,020 వర్గం. 45,041కి 1,020 కలిపితే 46,061, తీసేస్తే 44,021. కారణాంకాలు అవే.

రెండూ వర్గమూలానికి దగ్గరగా ఉన్నాయి కాబట్టే ఇంత త్వరగా దొరికాయి. ఇంకా దగ్గరగా ఉంటే 617 అంకెల సంఖ్య అయినా మొదటి మెట్టులోనే లొంగుతుంది.

షాంఘై బృందం ఎంచుకున్న సంఖ్యల్లో కారణాంకాల మధ్య తేడా రెండు బిట్లే, అంటే 0, 1లతో రాస్తే రెండు చోట్ల మాత్రమే తేడా. 2014లో క్వాంటం రికార్డుగా చెప్పుకున్న 56,153 కూడా అలాంటిదే. 237 వర్గం 56,169. తీసివేస్తే 16, అంటే 4 వర్గం. కారణాంకాలు 233, 241. పెన్సిల్ చాలు. తేలిక సంఖ్యలతో మొదలుపెట్టడం పరిశోధనలో మామూలేనని వారి తరఫున అనవచ్చు. కానీ దాన్ని ఆర్‌ఎస్‌ఏ పతనంగా ప్రకటించడం పాఠకులను మోసగించడమే.

ఎందుకంటే నిజమైన ఆర్‌ఎస్‌ఏ తాళాల్లో, అంటే సమాచారాన్ని కాపాడడానికి వాడే సంఖ్యల్లో, ఈ సందు ఉండకూడదు. 2048 బిట్ల తాళంలో రెండు ప్రధాన సంఖ్యల తేడా 2 యొక్క 924వ ఘాతాన్ని మించాలని అమెరికా ప్రమాణం చెబుతుంది. ఆ జాగ్రత్త లేని తాళాలు కొన్ని ప్రింటర్లలో ఉన్నాయని 2022లో భద్రతా పరిశోధకుడు హానో బ్యోక్ బయటపెట్టాడు. వాటిని తెరిచింది ఫెర్మా పద్ధతే, మామూలు కంప్యూటర్‌తోనే.

విడగొట్టినవారికి 2 లక్షల డాలర్ల బహుమతి అంటూ 2001లో పోటీకి పెట్టిన ఆర్‌ఎస్‌ఏ-2048 సంఖ్య ఇప్పటికీ చెక్కు చెదరలేదు. 2007లో పోటీనే ఎత్తేశారు. 2020 ఫిబ్రవరిలో విడిపోయిన 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ-250ని కూడా మామూలు కంప్యూటర్లే విడగొట్టాయి.

భయపడాల్సిన లెక్క వేరే ఉంది. ఆర్‌ఎస్‌ఏ-2048 స్థాయి సంఖ్యకు 2 కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో పరిశోధకులు గిడ్నీ, ఎకెరా అంచనా వేశారు. 2025 మేలో గిడ్నీయే దాన్ని 10 లక్షల లోపుకు దించాడు. క్వాంటం యంత్రాలకూ లొంగకుండా రూపొందించిన కొత్త గుప్తలేఖన ప్రమాణాలు 2024 ఆగస్టులోనే వచ్చేశాయి. మీ బ్యాంకును అడగాల్సింది వాటికి ఎప్పుడు మారుతున్నారని.