మైక్రాన్ల లెక్కకు అందని థర్మోకోల్ ప్లేటు

థర్మోకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా ఫంక్షన్ హాళ్ల వెనక చెత్తకుప్పల్లో అవి ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. అమలు సరిగా లేదన్నది నిజమే. అయితే అసలు చట్టం ఈ ప్లేటు దాకా రావడానికే రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. అలవాటు ముదిరింది ఆ కాలంలోనే.

1999లో కేంద్రం నిబంధనలు తెచ్చినప్పుడు దృష్టంతా క్యారీ బ్యాగుల మీదే. మందం 20 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తగ్గకూడదన్నారు. 2011లో దాన్ని 40కి, 2016లో 50కి, తర్వాత 75కి పెంచారు. 2022 డిసెంబర్ 31 నుంచి 120 అయింది. కవరు మందంగా ఉంటే బరువు తూగుతుంది, చెత్త ఏరుకునేవాళ్లకు గిట్టుబాటవుతుంది అన్నది ఆలోచన. థర్మోకోల్ దగ్గర ఈ లెక్క పనిచేయదు. అందులో 95 శాతానికి పైగా గాలే. గోతం నిండా ఏరినా తూకానికి రాదు. పైగా కూరా నూనే అంటిన ప్లేటును పాత సామాన్లవాళ్లు ఎందుకు కొంటారు?

ప్లాస్టిక్ గొడవ సుప్రీంకోర్టుకు చేరడంలో మన పుట్టపర్తికీ పాత్ర ఉంది. మిగిలిన అన్నం కవర్లో కట్టి పారేస్తే ఆవులు కవరుతో సహా మింగేస్తాయి. వాటి కడుపుల్లో పేరుకున్న ప్లాస్టిక్‌ను కళ్లారా చూసిన అక్కడి జంతు సంరక్షణ సంస్థ కరుణా సొసైటీ కోర్టుకెక్కింది. ప్లాస్టిక్ ముప్పు రాబోయే తరానికి అణుబాంబు కన్నా తీవ్రమైనదని 2012లో కోర్టు వ్యాఖ్యానించింది.

రాష్ట్రాలే ముందు కదిలాయి. థర్మోకోల్ ప్లేట్లను సిక్కిం 2016లో, మహారాష్ట్ర 2018లో నిషేధించాయి. అదే 2018 జూన్‌లో ప్రపంచ పర్యావరణ దినోత్సవానికి ఆతిథ్యమిచ్చిన కేంద్రం, 2022 నాటికి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ లేకుండా చేస్తామంది. 2021 ఆగస్టు 12న నోటిఫికేషన్ ఇచ్చింది.

అందులోని నిషేధిత వస్తువుల జాబితాలో ప్లేటు, గ్లాసు, ట్రే, స్వీటు డబ్బాకు చుట్టే పల్చటి ఫిల్మ్ ఉన్నాయి. బిర్యానీ, కూరలు ఇంటికి తెచ్చే ప్లాస్టిక్ పార్సిల్ డబ్బా మాత్రం లేదు. పార్సిళ్లు ఇంతగా పెరిగిన రోజుల్లో దాన్ని వదిలేయడం పెద్ద లోపమే. పేపర్ కప్పు సంగతీ అంతే. దాని లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. అందులో 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు పావుగంట ఉంచితే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు చేరుతున్నాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో తేల్చారు. తమిళనాడు 2019లోనే ఈ కప్పుల్ని నిషేధించింది. తయారీదారులు కోర్టుకు వెళ్లినా, 2023లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది.