పెట్రి ప్లేటును బోర్లించడం ఎందుకు?

క్రిములను పెంచే ఈ మూత ఉన్న గుండ్రటి ప్లేటును ఇంక్యుబేటర్‌లో (వెచ్చగా ఉంచే పెట్టెలో) ఎందుకు బోర్లించి పెడతారని మైక్రోబయాలజీ చదివే పిల్లలు అడుగుతుంటారు. "అలాగే పెట్టాలి" అని దాటవేయడం తప్పు. రాబర్ట్ కోచ్ చేసిన అసలైన పని ఆ ప్రశ్నలోనే ఉంది.

1876లో ఆంత్రాక్స్ క్రిమి జీవితచక్రాన్ని బయటపెట్టిన ఈ జర్మన్ వైద్యుడికి తర్వాత ఎదురైన చిక్కు, కలిసిపోయిన క్రిములను విడదీయడం. ద్రవంలో పెంచితే అన్నీ ఒత్తుగా పోసిన నారుమడిలా కలిసిపోతాయి. ఏది వరో, ఏది కలుపో తెలియదు. ఉడికించి కోసిన బంగాళాదుంప గాలి తగిలేలా ఉంటే దాని మీద రంగురంగుల చుక్కలు లేచేవి. గట్టి నేల మీద గింజ పడ్డచోటే దుబ్బు కడుతుంది. ఒక్కో చుక్క ఒక్క జాతే! ఇంత తేలికైన ఉపాయం ఇంత పెద్ద శాస్త్రానికి పునాది కావడం ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే.

కానీ బంగాళాదుంప ఆరపార కనిపించదు, అన్ని క్రిములకూ నచ్చదు. జెలటిన్ కలిపితే నేల పారదర్శకమైంది. అయితే మన ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర అది నీరైపోతుంది. మన ఎండాకాలంలోనైతే బల్ల మీదే కరిగిపోతుంది. పైగా కొన్ని క్రిములు దాన్నే తినేస్తాయి. కోచ్ దగ్గర పనిచేసిన వాల్తర్ హెస్సె భార్య ఫానీ తన వంటింట్లో వాడే అగర్ వాడి చూడమంది. మన కిరాణా కొట్లలో చైనా గ్రాస్ పేరుతో దొరికేది అదే.

అగర్ గొప్పతనమంతా కరగడానికీ గడ్డకట్టడానికీ మధ్య ఉన్న ఎడంలో ఉంది. కరగాలంటే 85 డిగ్రీలు దాటాలి. చల్లారి గడ్డకట్టేది మాత్రం 35–40 దగ్గర. లీటరుకు 15 గ్రాములు వేసి, ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే పాత్రలో) 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి, 45–50కి చల్లారాక ప్లేటుకు 15–20 మిల్లీలీటర్లు పోయాలి. ఆలస్యమైతే ఉండలు కడుతుంది. ఆమ్లం మరీ ఎక్కువైతే ఆటోక్లేవ్‌లో అగర్ గొలుసులు తెగి అసలు గడ్డకట్టదు. తొందరపడి మరీ వేడిగా పోస్తే మూతకు ఆవిరి పడుతుంది. ఆ నీటిబొట్టు కిందికి జారితే విడివిడి దుబ్బులన్నీ మళ్లీ కలిసిపోతాయి. ప్లేటును బోర్లించేది అందుకే. నీరు మూతలోనే ఉండిపోతుంది.

క్రిములను విడదీయడానికి అగర్ మీద గీతలు గీసేటప్పుడూ ఇదే సూత్రం. లూప్‌ను (కొన వలయంగా ఉన్న సన్నని తీగను) ఎర్రగా కాల్చి, అగర్ అంచుకు తాకించి చల్లార్చాలి, లేకపోతే క్రిములు మాడిపోతాయి. మొదటి భాగం గీశాక మళ్లీ కాల్చి, దాని అంచు నుంచి రెండు మూడు గీతలే లాగాలి. ఆపైనా అంతే. నడుమ కాల్చడం మరిస్తే చివరి భాగం కూడా మొదటిదానంత ఒత్తుగా వస్తుంది.

కోచ్ పట్టుకున్న మరో క్రిమి క్షయది. ఆ రోగం వంశపారంపర్యమని ఆ రోజుల్లో డాక్టర్లే నమ్మేవారు. ఆ నమ్మకంతో ఆడపిల్లల సంబంధాలు చెడగొట్టడం ఘోరం. క్షయ క్రిమి మామూలు రంగులు పట్టదు. క్షారం కలిపిన మిథిలీన్ బ్లూలో దాదాపు ఒక రోజంతా నానబెట్టి, ఆపైన గోధుమరంగు వెసువిన్ వేస్తే చుట్టూ ఉన్నదంతా గోధుమగా మారి, సన్నని నీలి కడ్డీలు బయటపడ్డాయి. దాన్ని పెంచడానికి కోచ్ పశువుల రక్తం నుంచి తీసిన సీరమ్‌ను (రక్తం గడ్డకట్టాక తేలే పసుపు ద్రవాన్ని) వాలుగా ఉంచిన గొట్టాల్లో వేడితో గట్టిపరిచాడు. మామూలు క్రిములు ఒకటి రెండు రోజుల్లో కనిపిస్తాయి. ఈ గొట్టాల్లో మొదటి వారమంతా ఏమీ లేదు. రెండో వారంలో పొడిపొడిగా, పొలుసుల్లాంటి చిన్న చుక్కలు లేచాయి. 1882 మార్చి 24న బెర్లిన్‌లో కోచ్ వాటి గురించి సభకు వివరించాడు.